ద్రాక్ష తోటకు నీళ్లు కొలిచి ఇవ్వడం ఎలా

అనంతపురం పల్లెల్లో బోరు మోటారుకు ఆటో స్టార్టర్ లేని తోట అరుదు. కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది, పోగానే ఆగిపోతుంది. ఆ మధ్యలో తోటలోకి ఎన్ని లీటర్లు వెళ్లాయని అడిగితే చాలామంది గంటల్లోనే చెబుతారు. "రోజూ ఆరు గంటలు వదులుతున్నాం" అంటారు. అంటే తోటకు నీళ్లెన్నో నిర్ణయిస్తున్నది తీగ కాదు, కరెంటు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని నేలలో, వందల అడుగుల లోతు నుంచి తోడుకునే నీటికి ఇలా జరగడం నాకు బాధ కలిగిస్తుంది.

ద్రాక్షలో ఇంకో సంగతి ఉంది. దీనికి ఏడాది పొడవునా ఒకే కొలత నీళ్లు అక్కర్లేదు. కొన్ని దశల్లో నీళ్లు తగ్గిస్తేనే కాపు వస్తుంది. చీనీ (బత్తాయి) తోటను బెట్టకు పెట్టి, అంటే నీళ్లు ఆపి ఎండగట్టి, పూత తెప్పించడం ఇక్కడి రైతులందరికీ తెలుసు. ద్రాక్షలో అంత గట్టి బెట్ట పనికిరాదు కానీ, సరైన నెలలో తడి తగ్గించడం అంతే ముఖ్యం. డ్రిప్ పెట్టినంత మాత్రాన నీళ్లు ఆదా కావు. డ్రిప్‌తో కూడా ఎకరానికి రెట్టింపు నీళ్లు పోయడం చాలా సులువు.

హిందూపురం, పెనుకొండ వైపు దిల్‌ఖుష్ వేసినవాళ్లకూ, తాడిపత్రి, పులివెందుల నల్లరేగళ్లలో వేరే రకాలు వేసినవాళ్లకూ పద్ధతి ఒకటే. నేలను బట్టి అంకెలు మారతాయి.

ముందు బోరును కొలవండి

మన దగ్గర బోరు నీళ్లను ఇంచుల్లో చెప్పుకుంటాం. "రెండించులు పడ్డాయి" అంటే వినడానికి బాగుంటుంది, లెక్క వేయడానికి పనికిరాదు. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి తెచ్చుకోండి. మోటారు వేసిన అరగంట తరువాత, నీటి ధార నిలకడగా వస్తున్నప్పుడు డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. రెండు నిమిషాల్లో నిండితే గంటకు 6,000 లీటర్లు. నిమిషం ఇరవై సెకన్లలో నిండితే గంటకు 9,000.

ఈ కొలత ఏడాదికి రెండుసార్లన్నా చేయాలి. ఒకటి వానలు అయ్యాక నవంబరులో, రెండోది మే నెలలో. నవంబరు అంకె చూసి ఇంకో ఎకరా తోట పెడితే మే నెలలో రెండు తోటలూ ఎండుతాయి. తోట విస్తీర్ణం ఎప్పుడూ మే నెల అంకె మీదే నిర్ణయించుకోవాలి.

వీలైతే మెయిన్ పైపు మీద వాటర్ మీటర్ బిగించండి. ఎరువుల ఖర్చు పక్కన పెట్టి చూస్తే అది పెద్ద ఖర్చు కాదు. ఒకసారి పెడితే తోటకు వెళ్లిన ప్రతి లీటరూ కనబడుతుంది.

తరువాత డ్రిప్పర్లను కొలవండి

ఇది ఎవరూ చేయని పని, అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇచ్చే పని కూడా ఇదే. నాలుగు లీటర్ల డ్రిప్పర్ గంటకు నాలుగు లీటర్లు ఇస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. నాలుగేళ్ల తరువాత ఒకటి మూడు ఇస్తుంది, ఒకటి ఐదు, ఇంకొకటి చుక్క కూడా ఇవ్వదు. రైతు ఎండిపోతున్న చెట్టును చూసి గంట ఎక్కువ వదులుతాడు. ఆ ఒక్క చెట్టు కోసం తక్కిన ఏడు వందల చెట్లకూ గంట నీళ్లు ఎక్కువ పోతాయి.

ఇలా చేయండి. ఒక సెక్షన్‌లో నాలుగు లేటరల్ పైపులు (డ్రిప్పర్లు ఉండే సన్న పైపులు) ఎంచుకోండి: వాల్వు దగ్గరిది ఒకటి, చివరిది ఒకటి, మధ్యలో రెండు. ఒక్కో పైపు మీద మొదట, మూడో వంతు దూరంలో, మూడింట రెండు వంతుల దూరంలో, చివర నాలుగు డ్రిప్పర్లు చూసుకోండి. మొత్తం పదహారు. వాటి కింద గ్లాసులు పెట్టి సరిగ్గా ఆరు నిమిషాలు పట్టండి. నాలుగు లీటర్ల డ్రిప్పర్ ఆరు నిమిషాల్లో 400 మిల్లీలీటర్లు ఇవ్వాలి. మందుల షాపులో దొరికే కొలత గ్లాసుతో ఒక్కొక్కటి కొలిచి రాయండి.

ఇప్పుడు పదహారింటి సగటు తీయండి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన నాలుగింటి సగటు కూడా తీయండి. చిన్న సగటును పెద్ద సగటుతో భాగిస్తే 0.9 పైన వస్తే మీ డ్రిప్ ఆరోగ్యంగా ఉంది. 0.8 కన్నా దిగువకు పడితే ఈ వ్యాసంలో తక్కిన లెక్కలేవీ మీ తోటలో పనిచేయవు. ముందు దాన్ని బాగుచేసుకోవాలి.

బాగుచేసుకోవడం ఫిల్టర్ నుంచి మొదలుపెట్టండి. ఫిల్టర్‌కు ముందూ వెనకా ప్రెషర్ మీటర్లు ఉంటాయి. వాటి మధ్య తేడా అర కిలో దాటితే ఫిల్టర్ కడగాల్సిన సమయం దాటిపోయినట్టే. పదిహేను రోజులకొకసారి ప్రతి లేటరల్ చివర ఎండ్ క్యాప్ విప్పి, తేట నీళ్లు వచ్చేదాకా వదలండి. పైపు చివర నుంచి ఎర్రటి బురద వస్తే ఫిల్టర్ సరిగా పనిచేయడం లేదని అర్థం.

మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. డ్రిప్పర్ నోటి దగ్గర తెల్లటి గట్టి పొర కనిపిస్తే అదే. దానికి ఆమ్లంతో శుభ్రం చేయడం తప్ప మార్గం లేదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని నీటిలో కలిపి, పైపులోకి మందు పీల్చే వెంచురీ ద్వారా ఎక్కిస్తారు. చివరి డ్రిప్పర్ నుంచి వచ్చే నీటి ఉదజని సూచిక (pH) నాలుగుకు దిగేదాకా పంపి, మోటారు ఆపి, ఒక రోజు అలా వదిలి, మర్నాడు ఎండ్ క్యాపులు విప్పి కడగాలి. చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఎప్పుడూ నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. నాచు పోవడానికి బ్లీచింగ్ వాడేవాళ్లు దాన్నీ ఆమ్లాన్నీ ఒకే రోజు కలపకండి, విషవాయువు పుడుతుంది. మొదటిసారి డ్రిప్ కంపెనీ టెక్నీషియన్‌ను పక్కన పెట్టుకుని చేయండి.

నేలను తవ్వి చూడండి

పై తడి చూసి నీళ్లు సరిపోయాయనుకోవడం పొరపాటు. ద్రాక్ష వేళ్లు డ్రిప్ కింద ఎక్కువ భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. నీళ్లు అక్కడికి చేరాలి, అంతకంటే కిందికి పోకూడదు.

డ్రిప్ ఆపిన మర్నాడు ఉదయం, డ్రిప్పర్ పక్కన గడ్డపారతో రెండున్నర అడుగుల గుంత తవ్వండి. గుంత గోడ మీద తడి ఎంత దూరం పాకిందో కళ్లకు కనిపిస్తుంది. ఎర్ర ఇసుక నేలలో తడి ముల్లంగిలా సన్నగా, నిలువుగా దిగిపోతుంది. నల్లరేగడిలో ఎర్రగడ్డలా పక్కలకు ఉబ్బుతుంది. అందుకే ఎర్రనేలలో ఒకేసారి మూడు గంటలు వదిలితే సగం నీళ్లు వేళ్లను దాటి కిందికి పోతాయి. వాటితో పాటు మీరు డ్రిప్‌లో వేసిన యూరియా కూడా పోతుంది.

ఎర్రనేలలో రెండు మార్పులు చేయండి. చెట్టుకు నాలుగు లీటర్ల డ్రిప్పర్లు రెండు ఉంటే వాటి బదులు రెండు లీటర్లవి నాలుగు పెట్టండి. గంటకు వెళ్లే నీళ్లు అవే, తడిసే మట్టి మాత్రం పెరుగుతుంది. రెండోది, రోజు తడిని రెండు విడతలు చేయండి. ఉదయం సగం, మధ్యాహ్నం సగం. నల్లరేగడిలో దీనికి విరుద్ధం. అక్కడ రోజూ కొంచెం కొంచెం ఇచ్చే బదులు రెండు మూడు రోజులకొకసారి కలిపి ఇస్తే వేళ్లకు గాలి కూడా ఆడుతుంది.

డ్రిప్పర్ మొదలు మీద ఉండకూడదు. ముదురు తోటలో కాండానికి అడుగు నుంచి అడుగున్నర దూరంలో రెండు వైపులా ఉండాలి.

పదును, అంటే మట్టిలో తడి, చూడడానికి పిడికిలి చాలు. అడుగు లోతు నుంచి మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ఎర్రనేల మట్టి ముద్దయి, వేలితో తాకితే విడిపోతే పదును సరిగ్గా ఉంది. ముద్ద కాకుండా రాలిపోతే తడి కావాలి. చేతికి నీరు అంటితే ఈ రోజు మోటారు వేయకండి. ఒకటి రెండు సీజన్లు ఇలా చూస్తే చెయ్యి అలవాటు పడుతుంది. డబ్బు పెట్టగలిగినవాళ్లు అడుగు లోతులో మట్టి తడిని చూపే టెన్షియోమీటర్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు లీటర్ల లెక్క

గాలి, ఎండ కలిసి రోజుకు ఎంత నీటిని ఆవిరి చేస్తున్నాయన్నది అసలు ఆధారం. వాతావరణ కేంద్రాల్లో నాలుగడుగుల వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి, రోజూ ఉదయం ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో కొలుస్తారు. అనంతపురం పక్కన రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి మంగళ, శుక్రవారాల్లో వాతావరణ సలహా వస్తుంది. మేఘదూత్ యాప్‌లోనూ చూడవచ్చు. తోటలోనే కొలుచుకోవాలంటే, సగానికి కోసిన డ్రమ్ములో నీళ్లు నింపి, పక్షులు తాగకుండా మీద వల కట్టి, లోపల స్టీలు స్కేలు నిలబెట్టి రోజూ ఒకే సమయానికి చూడండి. డ్రమ్ము చిన్నది కాబట్టి అంకె కాస్త ఎక్కువ చూపిస్తుంది. అయినా ఏమీ కొలవకుండా వదలడం కన్నా వెయ్యి రెట్లు నయం.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో రోజుకు పది మిల్లీమీటర్ల దాకా ఆవిరవుతుంది. డిసెంబరులో అది నాలుగైదుకు దిగుతుంది.

పుణెలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం డ్రిప్ తోటలకు ఇచ్చిన కొలత గుర్తుపెట్టుకోవడం తేలిక. తీగకు నీళ్లు బాగా కావాల్సిన దశల్లో, ఆవిరైన ప్రతి మిల్లీమీటరుకూ ఎకరానికి 1,680 లీటర్లు. నీళ్లు తగ్గించాల్సిన దశల్లో 560 లీటర్లు, అంటే మూడో వంతు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. సాళ్ల మధ్య పదడుగులు, చెట్ల మధ్య ఆరడుగులు ఉంటే ఎకరానికి 726 చెట్లు. చెట్టుకు గంటకు ఎనిమిది లీటర్లు ఇచ్చే డ్రిప్ ఉంటే తోట మొత్తానికి గంటకు 5,800 లీటర్లు. మే నెలలో పది మిల్లీమీటర్ల రోజున, నిండుగా ఇవ్వాల్సిన దశలో 16,800 లీటర్లు కావాలి. చెట్టుకు 23 లీటర్లు. దాదాపు రెండు గంటల యాభై ఐదు నిమిషాలు. అదే రోజు తోట నీళ్లు తగ్గించాల్సిన దశలో ఉంటే 5,600 లీటర్లు, చెట్టుకు ఏడున్నర పైచిలుకు, గంట లోపే. డిసెంబరులో ఐదు మిల్లీమీటర్ల రోజున, కాయ పెరిగే దశలో గంటన్నర చాలు.

ఆరు గంటలు వదిలే తోట మే నెలలో కూడా అవసరానికి రెట్టింపు తాగుతోందన్నమాట.

ఇదే లెక్కను బోరు వైపు నుంచి చూడండి. గంటకు 6,000 లీటర్లు ఇచ్చే బోరు, పగలు తొమ్మిది గంటల కరెంటులో 54,000 లీటర్లు తోడుతుంది. మే నెల లెక్కన అది మూడెకరాల ద్రాక్షకు సరిపోతుంది. నాలుగో ఎకరా పెట్టాలనే ఆలోచన ఉంటే ఈ అంకె ఎదురుగా పెట్టుకుని ఆలోచించండి.

వాన పడితే? ఐదు మిల్లీమీటర్ల లోపు జల్లును లెక్కలోకి తీసుకోవద్దు, అది ఆకు మీదే ఆగుతుంది. పెద్ద వాన పడితే లెక్క పక్కన పెట్టి గుంత తవ్వండి. అడుగు లోతులో పదును తగ్గేదాకా డ్రిప్ వేయనక్కర్లేదు.

ఏప్రిల్ కటింగ్ నుంచి అక్టోబరు కటింగ్ దాకా

ద్రాక్ష కొమ్మలను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం: ఏప్రిల్‌లో కొత్త కొమ్మల కోసం, అక్టోబరులో కాపు కోసం. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. నీళ్లు మిగిలేదీ, కాపు నిర్ణయమయ్యేదీ ఈ ఆరు నెలల్లోనే.

కటింగ్‌కు ముందు నేల బాగా నానాలి. ఎండిన నేలలో కటింగ్ చేస్తే చిగురు ఒకేసారి రాదు. కటింగ్ తరువాత నలభై రోజులు కొత్త కొమ్మలు పెరుగుతాయి. ఎండలు మండే కాలం అదే. ఈ నలభై రోజులూ 1,680 లెక్కన నిండుగా ఇవ్వండి, పిసినారితనం వద్దు. ఇప్పుడు కొమ్మ సన్నబడితే అక్టోబరు కటింగ్‌లో పనికొచ్చే కొమ్మలే ఉండవు.

నలభై ఒకటో రోజు నుంచి అరవై దాకా, కంటికి కనిపించకుండా ఒక పెద్ద పని జరుగుతుంది. కొమ్మ మీది ప్రతి కన్ను (చిగురు పుట్టే చోటు) లోపల, వచ్చేది గుత్తా, నులితీగా అన్నది తేలేది ఇప్పుడే. ఈ దశలో నీళ్లూ నత్రజనీ ఎక్కువైతే తీగ పెరుగుదల మీదే పడుతుంది, కన్ను లోపల గుత్తి కట్టదు. అక్టోబరు కటింగ్ తరువాత చిగుర్లు నిండుగా వచ్చి గుత్తులు లేకపోతే రైతు ఆ నెల మందుల్ని తిడతాడు. తప్పు జూన్ నెల తడిలో జరిగి ఉంటుంది. కాబట్టి నలభై ఒకటో రోజున వాల్వు తిప్పండి. 560 లెక్కకు దిగండి. తోట కాస్త మందగించినట్టు కనిపిస్తుంది, టెన్షన్ పడకండి. మందగించడమే కావాలి.

అరవై నుంచి నూట ఇరవై రోజుల దాకా కొమ్మ ముదురుతుంది. పచ్చ కొమ్మ గోధుమరంగుకు తిరుగుతుంది. అదే 560 లెక్క కొనసాగించండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మన దగ్గర గాలి విపరీతం. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు కదా. ఆ గాలికి ఆవిరి పెరుగుతుంది కాబట్టి మబ్బు పట్టిందని నీళ్లు పూర్తిగా ఆపేయకండి. సెప్టెంబరు వానల్లో మాత్రం చాలా రోజులు డ్రిప్ వేయకుండానే గడుస్తుంది. అప్పుడు ఆటో స్టార్టర్ తీసి పక్కన పెట్టండి.

అక్టోబరు కటింగ్ నుంచి కోత దాకా

కటింగ్ చేసి, కళ్లు ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సైనమైడ్ పూసే రోజుల్లో నేలలో పదును తగ్గకూడదు. మొదటి నలభై రోజులు మళ్లీ 1,680 లెక్క. చల్లటి కాలం కాబట్టి లీటర్లు వేసవిలో ఇచ్చిన వాటిలో సగమే ఉంటాయి. పాత అలవాటు కొద్దీ గంటలు మార్చకుండా వదిలేస్తే అక్టోబరు, నవంబరుల్లో తోట ఊబిలా తయారవుతుంది, బూజు తెగులు విజృంభిస్తుంది.

నలభై ఒకటి నుంచి యాభై ఐదు రోజులు పూత, పిందె రాలుడు. మళ్లీ 560కి దిగండి. నీళ్లు ఎక్కువైతే చిగురు పరుగెత్తుతుంది, పూత రాలుతుంది. మరీ ఎండగట్టినా పూత రాలుతుంది. రోజూ గుంత దగ్గర పిడికిలి పట్టి చూడాల్సిన రెండు వారాలివి.

యాభై ఆరో రోజు నుంచి నూట ఐదు దాకా కాయ పెరుగుతుంది. ఇక్కడ మళ్లీ 1,680 లెక్క, ఒక్క రోజు కూడా నీళ్లు తగ్గించొద్దు. పిందె కట్టిన మొదటి మూడు నాలుగు వారాల్లో నీళ్లు చాలకపోతే కాయ చిన్నదిగా మిగిలిపోతుంది. తరువాత ఎంత పోసినా అది తిరిగి రాదు. వేసవిలో వాల్వు తిప్పి మిగుల్చుకున్న నీళ్లు ఖర్చు పెట్టాల్సింది ఈ యాభై రోజుల్లోనే.

కాయ మెత్తబడి రంగు తిరిగాక, ఒక రోజు ఎండగట్టి మరో రోజు ఎక్కువ పోయడం అన్నిటికన్నా ప్రమాదం. కాయ పగులుతుంది. లెక్క ప్రకారం సమానంగా ఇస్తూ, కోతకు ముందు చివరి వారం పది రోజులు మెల్లగా తగ్గించండి. నల్లరేగడిలో పూర్తిగా ఆపినా నేలలో నిల్వ ఉంటుంది. ఎర్రనేలలో పూర్తిగా ఆపితే రెండు మూడు రోజుల్లోనే గుత్తి వాడుతుంది, బరువు పోతుంది, అక్కడ మూడో వంతుకు తగ్గిస్తే చాలు. తీపి ఎంత వచ్చిందో రిఫ్రాక్టోమీటర్‌తో చూసి కోత నిర్ణయించండి, ఆకు రంగు చూసి కాదు.

తీగ చెప్పేది వినండి

అంకెలు ఎంత జాగ్రత్తగా వేసినా తీగ మాటే చివరి మాట. పెరిగే దశలో ఉదయం పది గంటలకు కొమ్మ చివర చూడండి. నులితీగలు కొమ్మ చివరి మొగ్గను దాటి ముందుకు చాచి ఉంటే నీళ్లు చాలినన్ని ఉన్నాయి. నులితీగ పొట్టిబడి, చివరి మొగ్గ వాటితో సమానంగా ఉంటే తీగ నెమ్మదిస్తోంది. నులితీగలు వాడి రాలుతూ, చివరి మొగ్గ ఎండుతుంటే ఆలస్యమైంది, ఆ రోజే తడి ఇవ్వాలి. కన్ను లోపల గుత్తి కట్టే దశలో మీరు చూడాల్సింది రెండో గుర్తు. కొమ్మ పెరిగే దశలో, కాయ పెరిగే దశలో చూడాల్సింది మొదటిది. మూడోది ఎప్పుడూ కనిపించకూడదు.

మిట్ట మధ్యాహ్నం ఆకు చేత్తో పట్టుకుని చూడండి. నీళ్లున్న తీగ ఆకు ఎండలో కూడా చల్లగా తగులుతుంది. వేడిగా తగిలితే ఆకు నీళ్లు వదలడం ఆపేసిందని అర్థం.

ఆవిరయ్యేదాన్ని ఆపండి

డ్రిప్ కింద తడిసిన పట్టీ మీద ఎండ పడకుండా చేస్తే మిగిలే నీళ్లు తీగకే. బుడ్డల (వేరుశనగ) పొట్టు మన జిల్లాలో దొరికినంత ఎక్కడా దొరకదు. వరి గడ్డి, చెరకు ఆకు, కొర్ర గడ్డి, కటింగ్‌లో వచ్చిన కొమ్మల ముక్కలు, ఏదైనా పరవాలేదు. చెట్ల వరుస పొడవునా మూడడుగుల వెడల్పున మూడు నాలుగు అంగుళాల మందంగా పరచండి. కాండం చుట్టూ అరడుగు ఖాళీ వదలండి. చెదలు ఎక్కువగా ఉన్న నేలలో పొట్టును నెలకొకసారి కదిలించి చూడాలి. ఏప్రిల్ కటింగ్ అయిన వెంటనే పరిస్తే ఫలితం ఎక్కువ, ఎందుకంటే అప్పుడు పందిరి మీద ఆకు లేక నేల అంతా ఎండకు తెరిచి ఉంటుంది. కలుపు మొక్కలు కూడా నీళ్లు తాగేవేనని మరచిపోకండి.

ఆకు ఎక్కువైనా నీళ్లు ఎక్కువ కావాలి. పందిరి కింద నిలబడి పైకి చూస్తే అక్కడక్కడా వెలుతురు చుక్కలు నేల మీద పడుతూ ఉండాలి. చీకటిగా ఉంటే అనవసర కొమ్మలు తీసేయండి. పందిరి చదరపు అడుగుకు ఒక కొమ్మ చాలు. పడమటి గట్టు మీద సరుగుడు కానీ అవిసె కానీ వరుసగా పెంచితే ఆషాఢ గాలి తాకిడి తగ్గుతుంది. అయితే తోట మొదటి వరుసకు వాటి వేళ్లు తగలనంత దూరం ఉంచండి.

ఉప్పు నీళ్ల బోరైతే

నీళ్లు పొదుపుగా ఇచ్చేకొద్దీ ఉప్పు నేలలోనే ఉండిపోతుంది. ఈ ముక్క చెప్పకుండా నీటి పొదుపు గురించి చెప్పడం సరికాదు. మట్టి పరీక్షలో నేల ఉప్పుదనం (EC) మీటరుకు 1.5 డెసీసీమెన్స్ దాటితే, అంటు కట్టని సొంత వేళ్ల ద్రాక్షలో దిగుబడి తగ్గడం మొదలవుతుంది. నీళ్లూ మట్టీ ఏడాదికొకసారి పరీక్షకు పంపండి. అనంతపురంలో రెడ్డిపల్లి, కడపలో ఊటుకూరు, కర్నూలు జిల్లాలో బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే దారి చూపిస్తారు. కొత్తగా తోట పెట్టేవాళ్లు డాగ్‌రిడ్జ్ వేరుమూలం మీద అంటు కట్టిన మొక్కలే పెట్టండి. బెట్టనూ ఉప్పునూ సొంత వేళ్ల కన్నా బాగా తట్టుకుంటుంది.

డ్రిప్ కింద ఉప్పు తడి అంచుకు చేరుతుంది. తవ్విన గుంతలో తెల్లటి గీతలా కనిపించేది అదే. సన్న జల్లు పడినప్పుడు ఆ ఉప్పు కరిగి మళ్లీ వేళ్ల మీదకు వస్తుంది. అందుకే ఉప్పు నీళ్ల తోటల్లో చిన్న జల్లు పడుతున్నప్పుడు డ్రిప్ ఆపకూడదు, నడుస్తూ ఉండాలి. వినడానికి వింతగా ఉన్నా, అప్పుడే వేళ్ల చుట్టూ ఉన్న ఉప్పు బయటికి పోతుంది. సెప్టెంబరులో పెద్ద వానలు నేలను కడిగే అవకాశం ఇస్తాయి. ఆ నీళ్లు తోటలోనే ఇంకేలా సాళ్లకు అడ్డంగా చిన్న కట్టలు వేసుకోండి. మిగిలిన వాన నీళ్లను బోరు పక్క ఇంకుడు గుంతకూ, సేద్యపు కుంటకూ మళ్లించండి.

పుస్తకంలో రాయండి

ఒక నోటుపుస్తకం షెడ్డులో వేలాడదీయండి. తేదీ, కటింగ్ అయి ఎన్నో రోజు, ఆవిరి అంకె, ఇచ్చిన లీటర్లు, వాన. ఐదు గడులు చాలు. ఆటో స్టార్టర్ బదులు టైమర్ పెట్టుకుంటే లెక్క వేసిన నిమిషాలకే మోటారు ఆగుతుంది, మీరు ఊళ్లో లేకపోయినా. డ్రిప్ కొత్తగా వేసుకునేవాళ్లూ, పాతది మార్చుకునేవాళ్లూ సబ్సిడీ కోసం సూక్ష్మసేద్య పథకం కింద మీ రైతు సేవా కేంద్రంలో దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు ఇచ్చే ముందే మీ నేలకు రెండు లీటర్ల డ్రిప్పర్ కావాలా, నాలుగు లీటర్లదా అన్నది తేల్చుకోండి. బిగించాక మార్చడం ఖర్చు.

కోత అయ్యాక ఆ ఏడాది ఇచ్చిన లీటర్లన్నీ కూడండి. తూకం చీటీల మీది కిలోలు కూడండి. కిలోలను వెయ్యి లీటర్ల లెక్కన భాగించండి. ఉదాహరణకు ఎకరానికి 20 లక్షల లీటర్లు ఇచ్చి పది టన్నులు కోస్తే, వెయ్యి లీటర్లకు ఐదు కిలోలు. మీ అంకె ఎంతైనా, మొదటి ఏడాది దాన్ని పక్క రైతుతో పోల్చకండి. రెండో ఏడాది మీ సొంత అంకెతోనే పోల్చుకోండి, ఏ దశలో ఎన్ని లీటర్లు మారాయో పుస్తకంలోనే కనిపిస్తుంది. కోత తరువాత పదిహేను ఇరవై రోజులు తోటకు విశ్రాంతి. ఆకు వాడిపోకుండా ఉండేంత తడి మాత్రం ఇస్తూ, ఆ ఖాళీలో డ్రమ్ము తీసి బోరునూ, గ్లాసులు పెట్టి డ్రిప్పర్లనూ మళ్లీ కొలవండి. ఏప్రిల్ కటింగ్‌కు వారం ముందు నేల నానబెట్టడం మొదలుపెట్టే సరికి కొత్త అంకెలు పుస్తకం మొదటి పేజీలో ఉండాలి.